నేమ్‌ప్లేట్ మీది అంకె

పులివెందుల

ప్రియమైన మీకు, గౌసియా సలాం.

ఫోన్లో మొదలుపెడితే కొట్లాటకే దిగుతాం, అందుకే రాస్తాండా. మీరు మన షాపులో పాత తీగ తీసి కొత్తది చుట్టి రీవైండింగ్ చేసిన ట్రాన్స్‌ఫార్మర్ నేను పనిచేసే కాలేజీ ల్యాబ్‌కు చేరింది. దాంట్లో కరెంటు వేడైపోయి ఎంత వృథా పోతాందో కొలిచి, ఆ అంకె కంప్యూటర్లో పెట్టాల. జమ్మలమడుగు పక్క బోరు మోటార్లన్నీ ఒక్కసారి ఆడితే లైను నిలబడతాదా, పడిపోతాదా అనేది అప్పుడు తేలుతాది. నా రిపోర్టు చూసినాకే మీరు చుట్టినవన్నీ ఆ లైనుకు ఎక్కిస్తారంట.

అన్నం వేళకు తినండి. టీలతోనే కడుపు నింపుకుంటాండారని మీ తమ్ముడు జిలానీ చెప్పినాడులే.

మీ గౌసియా

ప్రొద్దుటూరు

నా గౌసియాకు,

చాడీలు మోసేటోడు వాడు! ఇప్పుడు ఆ జమ్మలమడుగు లైను మీదే పనికి చేరినాడు, నాకు పీడ వదిలింది.

గౌసూ, ఒక మాట. రాగి తీగ ఇయ్యప్పా అంటే లైను కాంట్రాక్టరు సన్న అల్యూమినియం తెచ్చి పడేసినాడు. లోడు పడితే అది కాగిపోతాది. "చుట్టు, ఏం కాదు" అంటాడు. నా మాట యాడ వింటాడు? నువ్వు కొలిచింది ఉన్నది ఉన్నట్టు రాయి. నా మొగం చూడొద్దు. షాపు మూతపడితే పడనీ.

నీ ఫయాజ్

పులివెందుల

ప్రియమైన మీకు,

రిపోర్టు ఇచ్చేసినా. లైను నిలబడతాదనే రాసినా.

మీరు పైకి అట్ల అన్నా లోపల ఏముందో నాకు తెలీదా? అబ్బాజాన్ పెట్టిన షాపు పోతే మీరు తట్టుకుంటారా? నేను కొలిచిన అంకె శానా ఎక్కువొచ్చింది. దాన్ని పక్కనబెట్టి, నేమ్‌ప్లేట్ మీద కంపెనీవాళ్లు కొట్టిన పాత అంకె వేసినా. కోప్పడొద్దండీ. మెల్లగా రాగి వేసి మార్చుకుందాం.

మీ పిచ్చి గౌసియా

ప్రొద్దుటూరు

గౌసియాకు,

జిలానీకి మట్టిచ్చి వచ్చినప్పుడు నా భుజం పట్టుకోని ఏడ్చినావే, అప్పటికి నీ జాబు నేను చదవలే. జమ్మలమడుగు పని మీద ఉండి షాపు తియ్యనేలేదు. నిన్న తలుపు తీస్తే కింద పడుంది. నేను చదివి కూడా నిన్నేమీ అనలేదనుకున్నావేమో.

షాపు మూతపడకూడదని కాదు గౌసూ, నీకు రాసింది. కాలేజీ కాగితం కాంట్రాక్టరు మొగాన కొట్టి రాగి తెప్పిద్దామని. నీ రిపోర్టు బాగుందని ఆయప్ప చెప్తే, నేనే తప్పేమో అనుకున్నా. కాయిల్ చుట్టిన నా చేతుల్నే నమ్మలేకపోతి.

ఆ మధ్యాహ్నం మోటార్లన్నీ ఆడుతాండాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాగిపోతాంది, దగ్గరికి పోవద్దురా అని మొత్తుకున్నా. "భాభీ కొలిచింది కదన్నా, ఏం కాదు" అని నగుకుంటా పోయినాడు. అది పేలి లోపల కాగిన ఆయిలంతా వాని మీద పడింది. యా అల్లా, ఆ అరుపు నా చెవుల్లోంచి పోవడంలే.

నీ మీద కోపమొస్తే బాగుండు, కొట్లాడి ఊరకుందుము. అదీ రావడంలే.

అమ్మీకి ఆ అంకె సంగతి ఏమీ చెప్పలే. చెప్పను. మెతుకు ముట్టడంలేదు, కోడలు పెడితేనే తింటానంటాంది. ఆమె కోసమన్నా రా. నాతో మాత్రం మాట్లాడొద్దు.

ఫయాజ్