టెక్కలిలో ఇల్లు కుదిరింది

పలాస,
మే నెలాఖరు.

అక్కయ్యకు, తమ్ముడు మురళి నమస్కారాలతో రాస్తున్న సంగతులు.

నేనూ వాణీ కులాసాగా ఉన్నాం. అక్కడ నువ్వూ, బావగారూ, మీ అత్తయ్యగారూ, మా అమ్మాయి శ్రావ్యా బాగున్నారని నమ్ముతున్నాను. అత్తయ్యగారి మోకాలి నొప్పి తగ్గిందా? బావగారు మధ్యాహ్నం ఎండలో కొట్టు నుంచి సైకిలు మీద రావడం మానేశారా, లేక నువ్వు చెప్పడం మానేశావా? తాడేపల్లిగూడెంలో వాన పడిందని పేపర్లో చూశాను. మాకు ఇంకా చినుకు లేదు.

ఫోనుండగా ఉత్తరమేమిటి అంటావు. ఫోనులో పిల్ల మాట వచ్చేసరికి నువ్వు ఏడుస్తావు, నేను గొంతు పెంచుతాను, అసలు విషయం అలాగే ఉండిపోతుంది. రాస్తే చివరిదాకా చదువుతావు.

ముందు అసలు విషయం. టెక్కలిలో ఇల్లు కుదిరింది. బయానా ఇచ్చేశాను. కాలేజీలు తెరిచేలోపు శ్రావ్యను తెచ్చుకుంటాం.

పత్రిక నన్ను పలాసకు బదిలీ చేసినప్పుడు అది పదో తరగతి మధ్యలో ఉంది. చదువు చెడకూడదని నీ దగ్గర వదిలి మేమిద్దరమే వచ్చాం. పరీక్షలు కాగానే తీసుకెళతామన్నాం. పరీక్షలయ్యాయి, ఫలితాలొచ్చాయి. ఇప్పుడు నువ్వు, అక్కడంతా పొగట, కిడ్నీ జబ్బట, ఆయాసం పిల్లకు ఆ ఊళ్లు పనికిరావు, ఇంటర్ కూడా ఇక్కడే చదవనీ అంటున్నావు. నీ భయం ఉత్తిది కాదు. అందుకే ప్రతి ఇల్లూ స్వయంగా చూశాను, ఒకరు చెప్పిన మాటను ఇంకొకరిని అడిగాను. చూసినది చూసినట్టు రాస్తున్నాను.

ఇప్పుడు మేమున్నది పలాస స్టేషనుకు దగ్గర్లో ఒక గది, వంటకు ఒక మూల. వాణి కుట్టుమిషను మంచానికి ఆనుకునే ఉంటుంది. ఇక్కడ ఆమెకు మంచి పేరొచ్చింది. జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లు సాయంత్రం పని దిగి నేరుగా వచ్చి జాకెట్లకు కొలతలిస్తారు. తిండికి లోటు లేదు. పచ్చి జీడిపప్పు దొరికినన్నాళ్లు కూర చేసుకుని తిన్నాం. ఎండ మన దగ్గరలాగే, ఉక్క మాత్రం ఎక్కువ. మొదట్లో సాయంత్రాలు తోచేది కాదు. ప్లాట్‌ఫారం మీద కూర్చుని వచ్చేపోయే బళ్లు చూసేవాళ్లం. గూడెం వైపు వెళ్లే బండి వస్తే వాణి మాట మార్చేది. ఇప్పుడు ఆ అలవాటు పోయింది. బాగానే ఉన్నాం, దిగులు పెట్టుకోకు.

ముందు సుమ్మాదేవి చూశాను. పలాస దాటాక మందస వైపు, చిన్న స్టేషనున్న పల్లె. అద్దె తక్కువ, గాలి మంచిది. వాణి అక్కడికక్కడే తేల్చేసింది. "రిటైరయ్యాక మీరొచ్చి ఉండండి. పిల్ల కాలేజీకి ఏ రైలెక్కాలి?"

తర్వాత పలాసలోనే ఒక ఇల్లు. రెండు గదులు, వంటగది, పైన డాబా. రెండు వీధుల అవతల జీడిపిక్కలు కాల్చే ఫ్యాక్టరీ ఉందని ముందే తెలుసు. నాకు తీరిక దొరికేది ఆదివారమే కాబట్టి అప్పుడే వెళ్లాం. డాబా ఎక్కి చూశాను. పొగ లేదు, ఘాటు లేదు. చుట్టూ ఏ డాబా చూసినా బట్టలే. దుప్పట్లు, తెల్ల చొక్కాలు, పిల్లల యూనిఫారాలు. ఎక్కడా నల్ల మరక లేదు. మసి పడే చోట ఎవరైనా ఇలా ఆరేస్తారా? ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలనుకుని బయానా ఇవ్వడానికి జేబులో చెయ్యి పెట్టాను.

వాణి నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. పక్క డాబా మీద దుప్పటి పిండుతున్న ఆవిడను పలకరించింది.

"ఏమండీ, వీధి వీధంతా ఇవాళే ఉతికారేంటి?"

"ఇయాల కాకపోతే మరెప్పుడమ్మా! ఆదివారం గదా, ఫ్యాక్టరీ మూసేత్తారు. మిగతా రోజుల్లో ఆరేత్తే మసి పడిపోతాది."

"మరి మిగతా రోజులు ఎక్కడ ఆరేస్తారు?"

"ఇంట్లోనే, ఫ్యాను కింద. అలవాటైపోనాది." నా వైపు చూసి నవ్వింది. "బాబుగోరు బట్టలు సూసి మురిసిపోతన్నారు. ఓసారి బుధారం రండి, అప్పుడు సూద్దురు."

బుధవారం వెళ్లాం. వీధి మలుపు తిరగకముందే గొంతులో గరగర మొదలైంది. వాణి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి నడిచింది. ఆ వీధివాళ్లకు అది రోజూ ఉండేదే, ఆ ఫ్యాక్టరీల మీదే ఈ ఊళ్లో ఎన్నో ఇళ్లు గడుస్తున్నాయి. ఊరిని తప్పుపట్టడం లేదు. శ్రావ్యకు పనికిరాదు, అంతే.

మూడోది ఉద్దానంలో, నువ్వన్న కిడ్నీ జబ్బు ప్రాంతంలోనే, సముద్రానికి దగ్గర్లో. ఊరి పేరు రాయను. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది. ఇంటివారు అప్పలస్వామి గారు, కొబ్బరి, జీడి తోటలున్న రైతు. పై వాటా అద్దెకిస్తానన్నారు. కిటికీ తెరిస్తే కొబ్బరి మట్టల చప్పుడు, ఉప్పుగాలి. ఆయాసానికి ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు. మాకు బొండాలు కొడుతూ అడిగారు.

"ఏటి పని సేత్తారు బాబూ?"

పత్రిక అన్నాను. కత్తి ఆగింది.

"పేపరోళ్లేటి! బావుంది. మీరు రాసి రాసి మా ఊరికి పిల్లనిచ్చీవోడు నేకండా సేసినారు. మొన్న మా మేనల్లుడికి సంబంధం ఒచ్చినాది. కుర్రోడు నచ్చినాడు, తోట నచ్చినాది. ఊరి పేరు ఇన్నారు, టీ సల్లారకముందే లేసిపోనారు."

"జబ్బు లేదని రాయమంటారా?" అన్నాను.

"నేదని ఎవుడన్నాడు? మా అన్న దాంతోనే పోనాడు. ఊరు గురించి రాసీవోలు ఒక్కలైనా ఊర్లో ఉన్నారేటి, అని అడుగుతన్నాను. పొద్దున్న కార్లో ఒత్తారు, సీసా నీల్లు ఎంట తెచ్చుకుంటారు, మద్దేన్నానికి ఎల్లిపోతారు."

వాణి చేతిలో మేం తెచ్చుకున్న నీళ్ల సీసా ఉంది. మెల్లగా సంచిలోకి జార్చింది. ఆయన చూడనే చూశారు.

"దాయకమ్మా, తాగు. నానేటీ అనుకోను."

నీళ్ల సంగతి అడిగాను. పైపు నీళ్లు వస్తున్నాయి, ఊరివాళ్లు ఎక్కువ మంది అవే తాగుతున్నారు, కొందరు క్యాన్లు కొంటున్నారు. జబ్బుకు ఫలానాదే కారణమని డాక్టర్లు ఇప్పటికీ తేల్చలేదు. నీళ్లే అని నేను రాయలేను, కాదనీ రాయలేను. గాలి చూస్తే మనసు లాగుతోంది. రోజూ అక్కడి బాధలు రాసే మనిషిని అక్కడ ఉండనంటే ముఖం చెల్లదని కూడా అనిపించింది.

"ఎవులెవులు ఉంటారు?" అని అడిగారు. మేమిద్దరం, పదహారేళ్ల పాప అని చెప్పాను. బొండాం నా చేతికిచ్చారు.

"అద్దె కోసం అబద్దం సెప్పను బాబూ. మా మనవరాలూ ఆ ఈడుదే. దాన్ని మా కోడలితో టెక్కలిలో ఉంచినాం."

వాణి ఊరుకోలేదు. "ఇందాక మమ్మల్ని అన్ని మాటలన్నారు కదండీ!"

"అన్నాను. మల్లీ అంటాను. ఊరు మీద మాట పడితే ఊరుకోనేం. పిల్లని పెంచడం యేరు. ఈ తోట మా తాత ఏసినాడు, నాను ఒగ్గీసి ఎక్కడికీ ఎల్లను. అది కుర్రది. దానికింకా ఏ ఊరూ అంటుకోనేదు."

అలా అంటూనే కోడలికి ఫోను చేశారు. వాళ్ల పక్కిల్లు ఖాళీగా ఉందని తేలింది. ఆ ఇల్లే తీసుకున్నాం.

ఈసారి ఆదివారం వెళ్లలేదు. పనిరోజు పొద్దున ఒకసారి, ఇంకో సాయంత్రం ఒకసారి చూశాం. కింది వాటా, రెండు గదులు, వరండా. వెనక వరిపొలాలు. పొగ గొట్టం కనుచూపు మేరలో లేదు. పిల్లల డాక్టరు, మందుల షాపు నడిచే దూరంలో ఉన్నాయి. కాలేజీకి కూడా నడిచే వెళ్లొచ్చు. లోపాలూ చెబుతాను. హైవే మీద లారీల మోత వినిపిస్తుంది. వెనక గది మధ్యాహ్నం వేడెక్కుతుంది, అందుకని శ్రావ్యకు ముందు గది ఇస్తాం. నేను రోజూ బస్సులో పలాస వెళ్లి రావాలి. వెళ్తాను, ఊళ్లు తిరగడం నాకు కొత్త కాదు. వాణికే నష్టం, కుదిరిన బేరాలన్నీ వదులుకోవాలి. అడిగితే, "టెక్కలిలో ఆడాళ్లు జాకెట్లు తొడుక్కోరేంటి?" అంది.

అప్పలస్వామి గారి కోడలు గౌరి మనిషి మంచిది. గుమ్మంలోనే వాణితో, "రా ఒదినా, మా పిల్లకి తోడు దొరికినాది. మా మావ మిమ్మల్ని తిట్టినాడంట గదా? తిట్టినాడంటే నచ్చినారన్నమాటే" అంది.

శ్రావ్య టీసీ, స్టడీ సర్టిఫికెట్ బావగారిని స్కూల్లో తీసి పెట్టమను. ఇన్‌హేలరు రాసిన డాక్టరు చీటీ మరవొద్దు. వాణి మిషను బాబిన్ కేసు ఒకటి మీ అలమార పై అరలో ఉండిపోయిందట, అది కూడా.

ఇక మొన్న ఫోనులో చివరగా నువ్వన్న మాట. "దాన్నే అడిగాను, ఇక్కడే ఉంటానంది" అన్నావు. అదే సాయంత్రం శ్రావ్య నాతో, "నాన్నా, నేనొచ్చేస్తాను, కాలేజీ చూశావా?" అంది. నువ్వే దానికి నూరిపోస్తున్నావని నాకు కోపం వచ్చింది. వాణి చెప్పింది. "ఎవరడిగితే వాళ్లకు నచ్చింది చెబుతోందండీ. అడిగినప్పుడల్లా మనం దాన్ని ఎవరో ఒకరిని వదులుకోమంటున్నాం."

నా పనిలో ఒకే మనిషి రెండు రకాలుగా చెబితే ఏదో ఒకటి అబద్ధమని కొట్టేస్తాం. ఇక్కడ రెండూ నిజమే. అది నీ దగ్గరా ఉండాలనుకుంటోంది, మా దగ్గరికీ రావాలనుకుంటోంది. ఇన్నాళ్లూ ఆయాసం వచ్చినప్పుడల్లా వీపు రాస్తూ పక్కన కూర్చున్నది నువ్వు. అది వెళ్లాక ఆ ఇల్లు నీకెలా ఉంటుందో నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను.

ఎవరి దగ్గర ఉంటావని దాన్ని ఇంకెప్పుడూ అడగకు. నేనూ అడగను. ఈ నిర్ణయం నాది. రేపు తప్పని తేలినా నాదే. నేనే వస్తానన్నాను కదా అని అది తనలో తాను కుమిలే పరిస్థితి రాకూడదు.

నువ్వే వెంటబెట్టుకుని రా. పలాస స్టేషనుకు నేనొస్తాను. నాలుగు రోజులుండి ఇల్లు చూడు, నీళ్లు తాగి చూడు, కాలేజీ దాకా నడిచి చూడు. నచ్చకపోతే మొహమాటపడకుండా చెప్పు. నాకు చెప్పు, దానికి కాదు.

బావగారికి మా ఇద్దరి నమస్కారాలు. కొత్త ఇంటికి అత్తయ్యగారి ఆశీర్వచనం కావాలి, ఆవిడ పాదాలకు దణ్ణం పెట్టామని చెప్పు.

ఈ ఉత్తరం శ్రావ్యకు చూపించకు. బట్టలు సర్దుకోమని మాత్రం చెప్పు.

నీ తమ్ముడు,
మురళి