నూట పద్దెనిమిదో నంబరు పువ్వు

పోర్తు నగరం, పోర్చుగల్,
14 మార్చి 1909.

పూజ్యులైన నాన్నగారికి,

ఎర్మెలిండ నమస్కరించి వ్రాయునది. అమ్మా నేనూ కులాసాగా ఉన్నాము. అమ్మ మోకాలు మాత్రం వాన కబురు ఒకరోజు ముందే చెబుతోంది. అంగోలా గాలికి మీ జ్వరం తగ్గిందని వ్రాశారు. తగ్గకపోయినా అలాగే వ్రాస్తారని మాకు తెలుసు.

మీ ప్రశ్నలకు వరుసగా జవాబులు. మొక్కల కట్టలు మూడూ చేరాయి. రెండోదాని అంచును చెదలు తిన్నాయి గాని, మీరు చుట్టిన వార్తాపత్రికలో మంత్రిగారి ఉపన్యాసం దగ్గర ఆగిపోయాయి, అరిగి ఉండదు. క్రిస్మసుకు అమ్మ ఎండుచేప వండింది. మీకూ పళ్ళెం పెట్టి, "ఆయన అడవిలో ఆకులేరుకుంటున్నారు గదా, ఆ వాటా నువ్వే తిను" అని నాకే వడ్డించింది. కళాశాలలో వాదాలు తగ్గించానా అన్నారు. తగ్గించలేదు. భోజనాల బల్ల దగ్గర ఏడేళ్ళ పిల్లకు "ఋజువేది?" అని నేర్పినవారు ఈ ప్రశ్న అడగడం న్యాయం కాదు.

ఇక మిగిలినది నూట పద్దెనిమిదో నంబరు కొమ్మ.

అది లోకానికే కొత్త మొక్క అని మా వృక్షశాస్త్ర సంఘం అధ్యక్షులు సర్మెంతు గారు నిర్ణయించి, మన ఇంటిపేరు మీదుగా క్వరెష్మియా అని నామకరణం చేసి, పత్రికకు వర్ణన సిద్ధం చేశారని పోయిన ఉత్తరంలో నేనే వ్రాశాను. పధ్నాలుగేళ్ళుగా మొక్కలు పంపుతూ మీరు కోరుకున్నది అదొక్కటే. ఆ కబురు చదివి, మీ వెంట అడవికి వచ్చే చిపెండాతో కలిసి వైను తాగామని వ్రాశారు. ఆ వాక్యాన్ని అమ్మ నాచేత మూడుసార్లు చదివించుకుంది.

జనవరిలో హాంబర్గు నుంచి డాక్టర్ క్రూజింగర్ ఉత్తరం వచ్చింది. అదే నంబరు గల రెండో కొమ్మను మేము ఆయనకు పంపాము. వర్ణన ప్రతినీ జతచేశాము. "మీరు చెప్పిన పసుపు పువ్వు నా కొమ్మ మీద లేదు. కాయలున్నాయి, అటువంటి పువ్వుకు అటువంటి కాయ పుట్టదు. ఇది మనమెరిగిన పాత పొదే" అని మర్యాదగా, అందువల్ల మరింత మంటగా వ్రాశారాయన. సంఘం అట్టుడికిపోయింది. సర్మెంతు గారు నన్ను పిలిపించారు.

"అమ్మాయ్, నీ నోటికి తగ్గ పని దొరికింది. ఆ జర్మనుకి జవాబు నువ్వు రాయి. మర్యాదగానే రాయి. కానీ చదివాక ఆయనకి ఆ పూట సూపు గొంతు దిగకూడదు!"

ఎగిరి గంతేశాను. నాలుగు పేజీలు ధాటిగా సాగాయి. అయిదో పేజీకి పువ్వు కొలతలు కావలసి, కొమ్మ అంటించిన అట్టను కిటికీ దగ్గరకు తెచ్చి భూతద్దం పెట్టాను. పువ్వుకూ కొమ్మకూ నడుమ జిగురు మెరిసింది.

నాన్నగారూ, ఇంతసేపు చెదలనూ చేపనూ అడ్డం పెట్టుకొని దాచిన మాట ఇదే: ఆ జిగురు నాది.

రాలిన పువ్వును కాగితపు పొట్లంలో ఉంచి అట్ట మూలన అంటించాలే తప్ప కొమ్మకు అతికించరాదన్న నియమం నేర్పినది మీరే. మీ మొక్కలను సంఘంలో అట్టలకు అంటించేది నేనే కదా; కిందటేడు ఆ కొమ్మ వచ్చిన కట్ట విప్పినప్పుడు పువ్వు విడిగా కనిపించింది. కొమ్మ బోసిగా ఉంది. మీరు పంపినది అందంగా కనబడాలన్న ఆశ నా చేత ఆ పని చేయించింది. పక్క కాగితంలోని నూట పంతొమ్మిదో తీగకు ఒక పువ్వు తెగిపోయిన గుర్తు అప్పుడు చూడలేదు, ఇప్పుడు చూశాను: ఆ పువ్వు దానిదే.

రెండు రోజులు ఆ అయిదో పేజీ తెల్లగానే ఉంది. చెబితే మీ పేరు పోతుంది. చెప్పకపోతే ఆ పేరు నా జిగురు మీద నిలుస్తుంది. చివరకు అమ్మతో అన్నాను. చేప ముళ్ళు తీస్తూ విన్నది.

"అబద్ధం మీద పేరెక్కితే మీ నాన్న సంతోషిస్తారుటే?"

"సంతోషించరు."

"మరి వాదన ఎవరితోనే, గోడతోనా? శాలువా తీసుకో. సభకి నేనూ వస్తా."

జర్మనును చీల్చి చెండాడతానని గురువారపు సభకు అందరూ ముందుగానే వచ్చి కూర్చున్నారు. నేను క్రూజింగర్ పక్షాన వాదించాను. ఆయన వాదాన్ని ఆయనకంటే బాగా చెప్పాను. ఈ ఒక్క గొప్పా నాకు ఉండనివ్వండి. ముగింపులో, అతికించిన చెయ్యి నాదేనన్నాను. కళాశాల వాదాల్లో మూడేళ్ళుగా నా చేతిలో ఓడుతున్న తెయొదొరికు లేచి, "అధ్యక్షా! ఈవిడని ఓడించడానిక్కూడా ఈవిడే కావాల్సొచ్చింది!" అన్నాడు. సభంతా నవ్వింది. సర్మెంతు గారు నవ్వలేదు. వర్ణనను అడ్డంగా కొట్టివేసి, ఈస్టరు దాకా జిగురు గిన్నె ముట్టవద్దని నన్ను ఆజ్ఞాపించారు.

క్షమించమని అడుగుతున్నాను. మీ కోరికను సభలో నిలబడి కూల్చినది మీ కూతురే.

అయితే ఆ పసుపు పువ్వును మాత్రం ఇక్కడా, హాంబర్గులోనూ ఎవరూ గుర్తుపట్టలేదు. నూట పంతొమ్మిదో తీగ కాయ చూడనిదే ఎవరమూ ఏమీ అనలేము. ఆ తీగను కోసినది చిపెండాయే కదా. చోటు ఆయనకు గుర్తుంటుంది. కాయనూ పువ్వునూ ఒకే తీగ మీద పంపండి. అది కొత్తదే అయితే ఎవరి పేరు పెట్టాలో మీరూ చిపెండా తేల్చుకోండి. పాతదని నిరూపించడానికి సభలో లేచే మొదటి మనిషిని నేనే అవుతాను. మొహమాటపడను. నన్ను ఓడించండి, నాన్నగారూ.

ఇట్లు,
మీ పోరుపిల్ల, ఏకైక పుత్రిక,
ఎర్మెలిండ.