ఉడుంపట్టు స్టాండు, శుక్రవారం బొట్టు

తొండియార్‌పేట,
చెన్నై.

ఉడుంపట్టు ఫోన్ స్టాండ్స్, విజయవాడ వారికి,

గోపాలస్వామి ముందుగా నమస్కారం పెట్టి, తర్వాత పోట్లాడటానికి రాస్తున్నది.

మీ నంబరుకు ఫోను చేస్తే పాట వినిపిస్తోంది గానీ మనిషి పలకడం లేదు. అందుకని కాగితం మీదే మొర పెట్టుకుంటున్నాను. నేను పప్పుల మండీని మా అబ్బాయి శివరామ్‌కు అప్పజెప్పి, ఈ వయసులో డ్రైవింగు నేర్చుకుని కారు కొన్నాను. ముందు అద్దానికి మీ స్టాండు తగిలించి, అందులో ఫోను పెట్టి, మ్యాపు చూసుకుంటూ మా ఆవిడ రాజలక్ష్మిని మాధవరం తీసుకెళ్లాను. పాలకాలనీ దగ్గర స్టాండు ఊడి, ఫోనుతో సహా నా కాళ్ల మధ్య పడింది. మ్యాపు చెప్పే ఆమె బ్రేకు కింద నుంచి "వెనక్కి తిరగండి, వెనక్కి తిరగండి" అని ఒకటే అరుపు. నేను వంగాను. కారు పోయి కొబ్బరి బొండాల బండికి తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు, బొండాలు మాత్రం రోడ్డంతా దొర్లాయి. రాజలక్ష్మి కారు దిగి, "ఈ స్టాండు నిలిచేదాకా నేను మీ పక్కన కూచోను పో సామీ" అని మాధవరం బస్టాండులో బస్సెక్కి ఇంటికి పోయింది.

వచ్చే నెల చివర తిరువొత్తియూరులో మా బావమరిది కోటిలింగం గృహప్రవేశం. వాడికి సంగతి తెలిసి, "బావా, ఆటోకి చెప్పేదా? మా అక్కని నడిపించుకోని రాబాక" అని ఫోనులో ఒకటే నవ్వు. వాడి కళ్ల ముందు నేను భార్యాసమేతంగా కారు దిగాలి. పక్క సీటు ఖాళీగా ఉంటే ఇక ఈ కారు నాకెందుకు, తగలెట్టడానికా? మీరే దారి చెప్పండి.

ఇట్లు,
బొండాలు ఏరుకుని వచ్చిన
గోపాలస్వామి

తా.క.: "స్టాండుకి కూడా మీ కార్లో కూచోవాలంటే భయమే, అందుకే దిగిపోయింది" అంటోంది రాజలక్ష్మి.

---

విజయవాడ.

గౌరవనీయులైన గోపాలస్వామి గారికి,

ఉడుంపట్టు వినియోగదారుల విభాగం నుంచి నివేదిత నమస్కారాలు. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. అమర్చే పద్ధతి సరిగా పాటిస్తే మా స్టాండు ఊడదు. ముందుగా గాజును స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. రబ్బరు కప్పును గాజుకు ఆనించి గట్టిగా అదమండి. గాలి పూర్తిగా తీసేయండి. గాలి ఏ కొంచెం మిగిలినా పట్టు నిలవదు. ఆ తర్వాత మీట బిగించండి.

భవదీయురాలు,
నివేదిత

తా.క.: గాజు నున్నగా ఉండాలి. పూల డిజైన్లు ఉన్న గాజు పనికిరాదని గమనించగలరు.

---

తొండియార్‌పేట.

అమ్మా నివేదితా, నువ్వు చల్లగా ఉండాలి, నేను మాత్రం ఉడికిపోతున్నాను.

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేసి వీధిలో నవ్వులపాలయ్యాను. రాజలక్ష్మి దగ్గరకు పోయి "గాజు ఇవ్వు" అన్నాను. "ఏంది, సేటు కొట్లో కుదువ పెట్టేదానికా?" అంది. "కాదే, కారుకు. కంపెనీ వాళ్లు అడిగారు" అన్నాను. పూల డిజైన్లు పనికిరావన్నావు గనక నున్నటి గాజు కోసం ఆమె పెళ్లినాటి పెట్టె అటక మీంచి దించాం. స్పిరిట్‌తో తుడిచాను, ఆరబెట్టాను. రబ్బరు కప్పు ఆనించి అదిమితే అది గాజు మధ్యలోంచి అవతలికి జారిపోయింది. మళ్లీ అదిమాను, మళ్లీ జారింది. గాజంటే మధ్యలో అంతా ఖాళీయే కదమ్మా, నీ కప్పు దేన్ని పట్టుకుంటుంది?

ఇక గాలి సంగతి. ఏ కొంచెం మిగలకూడదన్నావు గదా, అన్ని టైర్లలోనూ తీసేశాను, స్టెప్నీని కూడా వదల్లేదు. కారు వీధిలో బర్రెలా కూలబడింది. పంక్చరు కొట్టు అరుముగం పరిగెత్తుకొచ్చి, "అయ్యయ్యో, ఎన్న సార్ ఇదు, ఎవుడు చేసినాడు ఈ పని?" అన్నాడు. విజయవాడ కంపెనీ చేయించింది అన్నాను. వాడు నా వైపు చూసిన చూపు పగవాడికి కూడా వద్దు. స్టాండు ఇంకా నా చేతిలోనే ఉంది, రాజలక్ష్మి ఇంకా అలిగే ఉంది, గృహప్రవేశం దగ్గర పడుతోంది.

ఇట్లు,
గాలి పోయిన
గోపాలస్వామి

తా.క.: మీ ఆఫీసులో ఆడవాళ్ల చేతులకు గాజులు ఉన్నాయా, లేక అన్నీ స్టాండ్లకే పోయాయా? రాజలక్ష్మి కనుక్కోమంది.

---

విజయవాడ.

గోపాలస్వామి గారూ,

నమస్కారం. మీ ఉత్తరం మా ఆఫీసులో అందరూ చదివారు. కొందరైతే అడిగి మరీ మళ్లీ చదివించుకున్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

గాజు అంటే నా ఉద్దేశం మీరనే అద్దమండీ, కారు ముందు అద్దం! మా కరపత్రంలో ఉన్న మాటే ఎత్తి రాశాను, చెన్నైలో ఆ మాటకు చేతి గాజులే గుర్తొస్తాయని నాకు తట్టలేదు. తీయాల్సిన గాలి రబ్బరు కప్పు కింద ఉండే గాలి. దయచేసి టైర్లలో వెంటనే గాలి కొట్టించండి. అద్దం లోపలి వైపు తుడవండి. కప్పును గోరువెచ్చని నీళ్లతో కడిగి, తడి లేకుండా ఆరాక అద్దానికి అదిమి మీట వేయండి. ఒక పూట అలాగే వదిలేసి, తర్వాత ఫోను పెట్టండి. అమ్మగారి గాజులు అమ్మగారికి ఇచ్చేయండి.

క్షమాపణలతో,
నివేదిత

తా.క.: నాకు గాజులు ఉన్నాయని అమ్మగారికి చెప్పండి. కానీ ఇప్పుడు మా మేనేజరు ప్రభాకరన్ గారు ఎదురైతే, ఎక్కడ స్టాండుకు అడుగుతారోనని చేతులు వెనక్కి పెట్టుకుంటున్నాను.

---

తొండియార్‌పేట.

తల్లీ నివేదితా,

దీవెనలు సగం, ఫిర్యాదు సగం.

అద్దమని ముందే అంటే ఏం పోయేది? నువ్వు చెప్పినట్టు చేశాను, అంటుకుంది. అబ్బ, ఏం పట్టు! ఈ పేటలో ఉన్న గుంతలన్నిట్లో కారును దించి లేపాను, కదిలితే ఒట్టు. అలా గురువారం దాకా నిలిచి, శుక్రవారం దభీమని పడింది. మళ్లీ తగిలించాను. మళ్లీ శుక్రవారమే పడింది. నీ స్టాండుకు శుక్రవారం సెలవా? కోటిలింగం చేతబడి గాని చేయించాడా అని కూడా అనుమానపడ్డాను, నిజం.

అందుకని ఈ శుక్రవారం మేడ మీద నుంచి కాపు కాశాను. రాజలక్ష్మి తలస్నానం చేసి పళ్లెం పట్టుకుని వచ్చింది. కారు తలుపు తీసి, స్టాండును టక్కున ఊడబెరికింది. ఆ చోటే గంధం పూసి, కుంకుమ బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, ఆ తడి గంధం మీదే స్టాండును మళ్లీ అతికించి వెళ్లిపోయింది. నేను దిగివచ్చి నిలదీస్తే, "శుక్రవారం పూట బండికి బొట్టు లేకుండా ఎట్లా? బయట పెడితే వానకి పోతాది. లోపల నడిమధ్యన ఆ సెల్లు పెట్టి, ఈడ సామికి చోటు లేకుండా చేసింది మీరు" అని నా మీదే లేచింది.

గృహప్రవేశం కూడా వచ్చే శుక్రవారమే. బొట్టు మానమంటే నాకు ఇంట్లో అన్నం పుట్టదు. స్టాండు పడితే కోటిలింగం ముందు పరువు దక్కదు. గంధం మీద నిలిచే స్టాండు మీ దగ్గర ఉందా?

ఇట్లు,
దేవుడికీ ఫోనుకూ మధ్య నలుగుతున్న
గోపాలస్వామి

తా.క.: కింద పడ్డ స్టాండును చూసి రాజలక్ష్మి ఏమందో తెలుసా? "అది సామికి సాష్టాంగం పెట్టింది. మీకే లేదు భక్తి."

---

విజయవాడ.

గోపాలస్వామి గారికి, అమ్మగారికి కూడా,

నమస్కారాలు. గంధం మీద నిలిచే స్టాండు ఇంకా ఎవరూ చేయలేదని ప్రభాకరన్ గారు అంటున్నారు. గంధమైనా, నూనె చెయ్యైనా, దుమ్మైనా కప్పు కింద చేరితే గాలి దూరుతుంది, పట్టు పోతుంది. కాబట్టి అద్దం మీద బొట్టుకు ఒక చోటు, స్టాండుకు ఇంకో చోటు ఉండాలి. ఏది ఎక్కడో అమ్మగారినే చెప్పమనండి. ఆవిడ చెప్పిన చోట పెట్టిన స్టాండును ఆవిడే ఊడబెరకరు గదా. రోడ్డుకు అడ్డం రాకుండా మాత్రం చూసుకోండి. అమర్చే ముందు కప్పుకు అంటిన గంధాన్ని బాగా కడగండి.

మీరు కోటిలింగం గారి ముందు కారు దిగాలని మా ఆఫీసంతా కోరుకుంటోంది.

మీ
నివేదిత

తా.క.: మా అమ్మ నా స్కూటరు లైటు నిండా కుంకుమ పెడుతుంది. చీకటి పడితే వెలుగు ఎర్రగా పడుతోంది, ముందు పోయేవాళ్లు అంబులెన్సు అనుకుని దారి ఇస్తున్నారు. మాన్పించబుద్ధి కావడం లేదు.

---

తొండియార్‌పేట.

బంగారు తల్లీ నివేదితా,

గెలిచాం! మీ ఆఫీసులో అందరికీ మిఠాయి పంచిపెట్టు.

పంచాయితీ రాజలక్ష్మే తీర్చింది. అద్దం మీద పైన నడిమధ్యన సామికి, అడుగున రెండు సీట్లకూ నడుమకు వచ్చేట్టు ఫోనుకు. గంధం కడిగాను, తుడిచాను, అదిమాను. శుక్రవారం పొద్దున ఆవిడ బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, స్టాండు జోలికే పోలేదు. "సరి, ఇయ్యాల నేను కార్లోనే వస్తా" అంది. ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయమ్మా, దాచుకోవడం ఎందుకు. పట్టు పంచె సర్దుకుని వెళ్లి డ్రైవరు సీటు తలుపు తీద్దును గదా, అందులో రాజలక్ష్మి కూర్చుని ఉంది!

"జరుగు, నేను నడపాల" అన్నాను.

"నేను మీ పక్కన కూచోనన్నా. మీరు నా పక్కన కూచోకూడదన్నానా?" అంది.

మాధవరంలో బస్సెక్కిన మర్నాటి నుంచి ఈవిడ భజనకని చెప్పి డ్రైవింగు స్కూలుకు పోతోందట! ఎల్ బోర్డు కూడా తెచ్చి తగిలించింది, దానికీ బొట్టు. నేర్చుకునేవాళ్ల పక్కన లైసెన్సు ఉన్నవాళ్లు ఉండాలని రూలు గనక నోరు మూసుకుని ఎక్కాను. ఇటు కంటైనర్ లారీ, అటు కంటైనర్ లారీ, మధ్యలో మా ఆవిడ. మ్యాపు ఆమె ఎడమకు తిప్పమంటే, "మా పుట్టింటికి నువ్వేంది తల్లీ దావ చెప్పేది, గమ్మునుండు" అని కుడికి తిప్పింది. చేరేటప్పటికి ముహూర్తానికి ఇంకా బోలెడంత టైముంది.

కోటిలింగం గేటు దగ్గరే ఉన్నాడు. "అక్కా, నువ్వా!" అని తెరిచిన నోరు మూయలేదు. ఎగతాళి చేయడానికి ఇంకేదీ దొరక్క, "ఈ స్టాండేనా పడేది?" అని పట్టి లాగాడు. రెండు చేతులతో లాగాడు. కారు ఊగింది గానీ స్టాండు ఊగలేదు. బంధువులంతా చప్పట్లు! నా భార్య కారు నడిపి నన్ను తీసుకొచ్చిందని అక్కడ కనిపించిన ప్రతి ఒక్కరికీ చెప్పాను, పంక్తిలో సాంబారు వడ్డించే అతనికి కూడా. నేనే నడిపి ఉంటే ఇందులో సగం గర్వం కూడా ఉండేది కాదు.

ఇట్లు,
ఎడమవైపు సీటుకు బదిలీ అయిన
గోపాలస్వామి

తా.క.: కోటిలింగం లాగుడు ఒక లాగుడా! రాజలక్ష్మి లారీలను దాటిన ప్రతిసారీ నేను కళ్లు మూసుకుని వేలాడింది నీ స్టాండును పట్టుకునే. తిరువొత్తియూరు దాకా ఊడలేదు తల్లీ. ఈ మాట మీ ప్రకటనలో వేసుకోండి.