రెండు కుడిచేతుల జాకెట్టు

మంగళవారం, చిత్తూరు

నలభై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నదాన్ని, ఈరోజు ఒకే జాకెట్టుకు రెండు కుడిచేతులు కత్తిరించాను.

"మతి పోతాండాది మా నీకు. మిషను అమ్మేద్దాం," అన్నాడు పెద్దబ్బాయి.

నాకు చెమటలు పట్టి వేళ్ళు వణుకుతుంటే, కోడలు అనుమానంతో షుగరు చూసింది. షుగరు బాగా తగ్గిపోయింది. పెళ్ళి ఆర్డరు తొందరలో షుగరు మాత్ర మింగి అన్నం తినలేదు. చక్కెర నీళ్ళు తాగాక తల తేటపడింది. మాటిమాటికీ షుగరు ఇలా పడిపోతే ఈ వయసులో మెదడు దెబ్బతింటుందని డాక్టరమ్మ ఫోనులో గట్టిగా మందలించింది. భయమేసింది.

అయినా మిగిలిన గుడ్డలో ఎడమచెయ్యి కత్తిరించి, జాకెట్టు పూర్తిచేసి వాడి ముందు పడేశాను.

"తప్పు యాడుండాదో సూపించు!"

వాడు తిప్పి తిప్పి చూసి, జాకెట్టు మడిచి నా చేతికిచ్చాడు.

వేళకు తింటాను. నా మతి నిజంగా పోయిందనిపిస్తే మిషను నేనే మూసేస్తాను. అంతవరకూ దాన్ని ఎవరూ కదిలించలేరు.