లేత్ మిషను మీద చెయ్యి

తెనాలి.

రూతక్కా, దేవుని కృప నీకు తోడుండాలి. ఫోనులో మాట్లాడితే మీ మరిది వింటారని ఇన్నాళ్లకు పెన్ను పట్టాను.

ఆయన అమృతలూరులో కొన్న పాత లేత్ మిషనుకు తుప్పు గీకి, కొత్త మోటారు బిగించి, నిన్న తిప్పారు. బేరింగు వేడెక్కుతుందేమోనని గంటసేపు దాని మీంచి చెయ్యి తియ్యలేదు. మూడు రోజులుగా నాకు జ్వరం. నా నుదుటి మీద ఆ చెయ్యి ఒక్కసారీ పడలేదు. నేను చెప్పలేదనుకో. ఆ మిషను చెప్పిందా?

"ఇది చల్లగా తిరగాలని ప్రార్థన చెయ్యవే, సలోమీ" అన్నారు. చేశాను. ఆమేన్ మాత్రం అనలేదు. ఆయనే అనేశారు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? పాత నూలు చీరలుంటే రేపల్లె నుంచి ఎవరిచేతైనా పంపు. మిషను తుడవడానికి నావి అయిపోయాయి. పిల్లలకు దీవెనలు.

ఈ కార్డు బైబిల్లో దాచుకో. పోస్టుమాన్ ఎలాగూ చదువుతాడు, బావగారికి మాత్రం చూపించకు.

నీ చెల్లెలు,
సలోమీ