అన్నపూర్ణ వేలూ, కరోల్ బాగ్ రేకూ

అమ్మా,
నీ కోడలు అన్నపూర్ణ చూపుడువేలు తప్ప ఇక్కడంతా క్షేమం. సోమవారం తనకు ఆఫీసులో టైపు పరీక్ష, నెగ్గితేనే ఉద్యోగం ఖాయం. నేను కరోల్ బాగ్‌లో కొన్న తురిమే చిల్లుల రేకు మీద కొబ్బరిచిప్ప రుద్దబోయి వేలు కోసుకుంది. కొనేముందు కొబ్బరికి పనికొస్తుందా అని అడిగాను. "సబ్ చలేగా, భాయీసాబ్" అంటూ అన్నిటికీ పనికొస్తుందన్నాడు అంగడివాడు. ఇవాళ వెళ్లి నిలదీస్తే, "చిప్పతో పాటు ఎవరు తురుముతారు, మద్రాసీ బాబూ?" అని నవ్వాడు. మా ఇళ్లలో అందరమూ చిప్పతోనే కోరుతామన్నాను. మా పత్రికకు ఒక్కడి మాట మీద వార్తయినా రాయను, ఆ రేకు మాత్రం వాడొక్కడి మాట మీదే కొన్నాను.

ఇటు వస్తున్న హనుమయ్య బాబాయితో మన కొబ్బరి కోరాము పంపు, దాని పళ్లకు గుడ్డ చుట్టు. నాన్నగారి దగ్గు తగ్గిందా? తొమ్మిది వేళ్లతోనే పరీక్షకు కూర్చుంటానని అన్నపూర్ణ పంతం. మీరిద్దరూ తనను దీవించండి.

బసవపున్నయ్య