చెల్లెలి ఇంటికి దుబాయి వచ్చింది

9 నవంబరు 1975
బోధన్ ఫ్యాక్టరీలో చెరుకు ఆడటం మొదలైంది. ఊరంతా పాకం వాసన. ఆరేసిన బట్టల మీద మళ్ళీ మసి.

14 నవంబరు
నిజామాబాదు నుంచి చెల్లెలు సుగుణ వచ్చింది. మొగుడు పోశెట్టి దుబాయిలో తాపీ పనికి పోయినప్పటి నుంచి బీడీలు చుట్టడం మానేసింది. చేతులకు అత్తరు వాసన. నాకు ఫారిన్ చీర తెచ్చింది. ఇన్నేళ్ళూ నేను కట్టి విడిచినవే కట్టుకున్న పిల్ల...
"కట్టుకోరాదే అక్కా, నీకు మంచిగుంటది."
పెట్టె అడుగున పడేశాను.

15 నవంబరు
తీసి కట్టుకున్నాను. బాగుంది. అదే మంట.

2 డిసెంబరు
దాని కొత్త ఇల్లు చూసి వచ్చాం. స్లాబు. టేపు రికార్డరులో పోశెట్టి గొంతు — "సుగుణా, మంచిగున్నవా? అవ్వ మంచిగున్నదా?" వాడకట్టంతా చుట్టూ మూగి వింటోంది.
నా పెళ్ళికి బాపు ఎంత మురిశాడు! "పెద్దల్లుడు ఫ్యాక్టరీల ఫిట్టరు, పర్మినెంటు" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. మేస్త్రీకిచ్చిన చిన్న కూతురి ఊసెత్తేవాడు కాదు. ఇవాళ గుమ్మంలో ఎవరో ఆవిడ — "నువ్వు దుబాయి సుగుణోళ్ళ అక్కవా?"

3 డిసెంబరు
ఈయనతో మాట్లాడలేదు.

20 డిసెంబరు
అనేశాను. "తాపీ పట్టేటోడే పోయిండు. మిషిన్లు విప్పి బిగించేటోనివి, నీకేమైంది?"
ఈయన తింటున్న కంచం పక్కకు నెట్టాడు.
"ఆడ ఇసుక కింద నూనె ఎల్లింది. దునియా అంత అటే ఉరుకుతుంది. మన చక్కెర మొఖం ఎవడు సూస్తడు... పోత తియ్యి."
కోపంతోనా? నిజంగానా?

11 జనవరి 1976
నిజంగానే. పాస్‌పోర్టుకు ఫోటో దిగి వచ్చాడు. ఫోటోలో ఎవరో కొత్త మనిషిలా ఉన్నాడు.

16 ఫిబ్రవరి
బొంబాయి ఏజెంటు దుబాయి పని ఖాయం చేశాడు. ఈయన నౌకరీకి రాజీనామా ఇచ్చాడు. ఇక క్వార్టరు ఖాళీ చేయాలి. పక్కింటి వాళ్ళు నాతో మర్యాదగా మాట్లాడుతున్నారు — ఆ రుచి...

28 ఫిబ్రవరి
సుగుణ పరుగున వచ్చింది. నన్ను వంటింట్లోకి లాగింది.
"బావను తోలకు అక్కా. మా ఆయన పాస్‌పోర్టు ఆడి సేటు గుంజుకున్నడు. ఇంటికి వస్తనంటే రానిస్తలేడు. దగ్గు పట్టిందంట, ఎండల్నే పని..."
"మరి గిన్నొద్దులు ఎందుకు చెప్పలేదే?"
"అందరు గంత మంచిగ సూస్తుండ్రు. ఎట్ల చెప్పాలె?"
ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఒకటే ఆలోచన — నేను తన సరసన నిలబడటం దీనికి ఇష్టం లేదా?
ముందు గదిలోంచి ఈయన, పెట్టె సర్దుతూ, "ఏమంటుంది సుగుణ?"
"ఏం లేదు" అన్నాను.
సుగుణ నన్ను అలాగే చూసింది. వెళ్ళిపోయింది.

29 ఫిబ్రవరి
రైలు సాయంత్రం. మామిడికాయ తొక్కు, సకినాలు మూట కట్టాను. రెండుసార్లు ఈయన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "ఏందే?" అన్నాడు.
ఇంకా చెప్పలేదు.